నారికురుపుకు గొడుగు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. అరవై దాటిన తర్వాత అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఒత్తులు ఎక్కడ తప్పానో నాకే తెలియదు. ఒక్క పేజీకి నాకు ఒక పూట పడుతుంది, కాబట్టి చదివేవాళ్లు కూడా నిదానంగానే చదవండి. ఇది మా అత్త మణెమ్మ, మా మామ మొగులప్ప నోట విన్న సంగతి. ఎక్కువగా మామ చెప్పినట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఆయనకు అధికారులంటే గౌరవం ఎక్కువ.

పోలీసు చర్యకు కొన్నేళ్ల ముందు మాట. నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ పోయే దారిలో ఉన్న ఊళ్లో మొగులప్ప ఒక పొద్దున మెడలో డప్పు వేసుకొని ఇట్లా చాటాడు.

"వినుండ్రి, వినుండ్రి. నారికురుపుకు సర్కారు హుకుం అయింది. ఏడాది లోపల గీ ఊరు ఖాళీ చేసి పోవాలె. పోకుంటే సఖ్త్ చర్య ఉంటది. పురుగు ఎవలింట్ల ఉంటే వాళ్లే దానికి చెప్పుకోవాలె."

మొగులప్ప ఊరి సేత్సింది. అంటే సర్కారు పని ఏది వచ్చినా పరుగెత్తవలసిన మనిషి. కాని రెండేళ్లుగా పరుగెత్తలేకపోతున్నాడు, ఎందుకంటే ఆ పురుగు అతని ఇంట్లోనే ఉంది, అతని కాలిలోనే ఉంది.

నారికురుపు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. కాలి మీద నిప్పు తగిలినట్టు బొబ్బ లేస్తుంది. అది పగిలితే లోపలినుంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. లాగితే తెగుతుంది, తెగితే కాలంతా చీము పడుతుంది. అందుకని పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత తీయాలి. ఆ పుల్ల చుట్టడంలో మొగులప్ప భార్య మణెమ్మ చెయ్యి మంచిదని పేరు. మంచిదైతే ఏం లాభం, పురుగు వచ్చేది ఎండాకాలం చివరన, సరిగ్గా విత్తనాలు వేసే ముందు. రెండేళ్లుగా సరిగ్గా ఆ అదనుకే మొగులప్ప మంచం పడుతున్నాడు, కౌలు చెలక బీడుగా ఉంది, చెలక ఇచ్చిన మాణిక్యప్ప పటేల్ కోపంగా ఉన్నాడు.

ఊరి దిగుడుబావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే వాళ్లకు, బావి ముట్టనియ్యరు కాబట్టి వాళ్లు పోస్తే గట్టున కుండలు పట్టుకునే, ఊరి బయటి గిద్యోను వాడకట్టు వాళ్లకు ఆ నీళ్లతోనే ఈ పురుగు వస్తుందని ఊరందరికీ తెలుసు. సర్కారుకు మాత్రం ఎవరూ ఇంకా తెలియజేయలేదు. అయినా సర్కారు తనంతట తానే మెట్లు మూసి గోడ కట్టడానికి రాళ్లు, చేదకు ఒక ఇనుప గిరక పంపింది. అవి బావి గట్టున పడి ఉన్నాయి. కట్టమనే హుకుం ఒక్కటే రావాలి.

హుకుంకు బదులు దౌలత్‌రాయ్ సాహెబ్ వచ్చాడు.

ఆయన నారికురుపు నివారణ మహకమాలో, అంటే ఆ శాఖలో, పెద్ద దర్యాప్తు అధికారి. నగరంలో స్టాటిస్టిక్స్ చదివాడు. ఆ చదువు ఎంత గొప్పదంటే, దాని పేరు పలకడానికి మొగులప్పకు ఆ ఎండాకాలమంతా పట్టింది. సాహెబ్ ఇల్లిల్లూ తిరిగాడు. ఆవు ఉందా, లాంతరు ఉందా, తలుపుకు గొళ్లెం ఉందా, ఇంట్లో ఎవరైనా మీసం పెంచుతారా, అన్నీ అడిగాడు. ఖేడ్‌లో తన బంగళాకు పోయి లెక్క వేసుకొని, మర్నాడు చావడి ముందు జనాన్ని పిలిపించాడు.

"పురుగు ఎందుకు వస్తుందో దొరికింది. ఈ ఊళ్లో గొడుగు ఉన్న ఇల్లు ఒక్కదాంట్ల కూడా పురుగు లేదు. గొడుగు లేని ఇల్లు ఒక్కటి కూడా పురుగు లేకుండా లేదు. పురుగు ఎండతో పాటు పైనుంచి దిగుతున్నది."

జనం ఆకాశం వైపు చూశారు. మొగులప్ప అందరికన్నా ఎక్కువసేపు చూశాడు.

మణెమ్మ కొంగు సర్దుకొని అడిగింది. "సాబ్, గొడుగున్నోళ్ల ఇంట్ల బాయి గుడ ఉన్నది. చేదతోని తోడుకుంటరు."

"అచ్ఛా. ఆ బావి మీద గొడుగు పడతారా?"

"బాయి మీద గొడుగెందుకు సాబ్?"

"చూసినవా, దానికీ దీనికీ సంబంధం లేదు."

మొగులప్ప భార్య చెయ్యి పట్టి లాగాడు. "సాబ్ సదువుకున్నడే. నడుమ నువ్వేంది?"

"నువ్వు కుంటుకుంట మెల్లగ నడువు," అంది మణెమ్మ.

ఈ సంగతి విని మహకమా నాజిమ్ స్వయంగా మోటారులో వచ్చాడు. దౌలత్‌రాయ్‌కి పై అధికారి, విలాయతులో చదివిన మనిషి. బావి గట్టున రాళ్ల మీదే కూర్చొని లెక్కంతా విన్నాడు.

"దౌలత్‌రాయ్, నువ్వు చూసింది నిజమే. కాని చూడడం వేరు, చేసి చూడడం వేరు. గొడుగు ఉన్నవాడి ఇంట్లో గొడుగు ఒక్కటే ఉంటుందా? ఇంకా ఏమేం ఉన్నాయో, పురుగును ఆపింది వాటిలో ఏదో నీకెట్లా తెలుసు? లేనివాళ్లకు నువ్వే ఇచ్చి చూడు. ఎవరికి ఇవ్వాలో నువ్వు ఎంచవద్దు, ఎవరూ ఎంచవద్దు. చీటీలు వెయ్యి. సగం ఇళ్లకు ఇయ్యి, సగం ఇళ్లకు ఇయ్యకు. ఏడాది ఆగి రెండు దిక్కులా లెక్కపెట్టు. గొడుగు వచ్చిన దిక్కున పురుగు తగ్గితే గొడుగు గెలిచినట్టు. తగ్గకపోతే ఈ రాళ్లతో బావి కట్టించు."

"గొడుగు గెలిస్తే రాళ్లు, హుజూర్?"

"నీ ఇష్టం."

ఆ పూట ఇంటికి పోయాక మణెమ్మ అంది, "గొడుగు ఓడాలె, గంతే."

"గట్ల అనొద్దే. సర్కారు గొడుగు."

చీటీల రోజు చావడి ముందు జాతరలా ఉంది. దౌలత్‌రాయ్ సాహెబ్ ఇత్తడి బిందెలో చెయ్యి పెట్టి మొదటి ఇంటి చీటీ తీశాడు. మొదటి ఇల్లంటే, ముందే గొడుగు ఉన్నా సరే, మాణిక్యప్ప పటేల్‌ది. ఊళ్లో తాంబూలమైనా, తొలకరికి నాగలి కట్టడమైనా మొదటిది ఆయనదే. చీటీ విప్పారు. గొడుగు లేదు.

పటేల్ తన తలపాగా ఒకసారి తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"చీటీ సరిగ్గా కలవలేదు," అన్నాడు సాహెబ్. మళ్లీ కలిపి తీశారు. మళ్లీ లేదు. మూడోసారి చీటీకి బుద్ధి వచ్చింది. బావులున్న తక్కిన పెద్దిళ్లకు కూడా చీటీలు అట్లాగే మర్యాద నేర్చుకున్నాయి. ఆ తర్వాత మిగిలిన ఇళ్లకు ఏ చీటీ వస్తే అదే. మొగులప్పకు గొడుగు వచ్చింది. గిద్యోనుకు వచ్చింది. పక్కింటి ఈరయ్యకు రాలేదు.

అంతా అయ్యాక సాహెబ్ ఒక గొడుగు విప్పి, దాని కింద నడుస్తూ దిగుడుబావి మెట్లు దిగి, లోటా నిండా నీళ్లు ముంచుకొని తాగాడు. "చేసి చూడడం అంటే ఇది," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మణెమ్మ కూడా కొట్టింది.

ఏడాది గడిచింది. గొడుగులు ఏడాదంతా భద్రంగా ఉన్నాయి. ఎందుకంటే ఊరి దారులన్నీ కలిసేచోట పటేల్ ఇల్లుంది, ఆ ఇంటి ముందర కాళ్లకు చెప్పులుండవు, తల మీద గొడుగు ఉండదు. పొలం దగ్గరైనా విప్పుదామంటే పటేల్ మేడ మీదినుంచి పొలాలన్నీ కనబడతాయి. గిద్యోను భార్య హన్నమ్మ తమ గొడుగును ముడిచి, దూలానికి వేలాడదీసి, మడతల్లో కంది విత్తనాలు పోసుకుంది. మొగులప్ప చేతికర్రగా వాడుకున్నాడు. చేతికర్ర అవసరం ఎందుకు వచ్చిందంటే, ఎండాకాలం చివర అతని కాలికి మళ్లీ బొబ్బ లేచింది.

పటేల్ వాకిట్లో నిలబడే చెప్పేశాడు. "మొగులప్పా, గిదే ఆఖరు. వచ్చే ఏడు గుడ నువ్వు మంచంల పంటే చెలక వేరేటోళ్లకు ఇస్త."

"అవు పటేలా," అన్నాడు మొగులప్ప గొడుగు మీద ఆనుకొని.

లెక్కపెట్టడానికి దౌలత్‌రాయ్ సాహెబ్ వచ్చాడు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. ముందునుంచీ గొడుగులున్న పెద్దిళ్లను పక్కన పెడితే, గొడుగు వచ్చిన ఇళ్లలో ఎంతమందికి పురుగో, గొడుగు రాని ఇళ్లలోనూ అంతమందికే పురుగు. సాహెబ్ రెండుసార్లు లెక్క వేశాడు. మొహం చిన్నబోయింది. మణెమ్మ అప్పుడే బావి గట్టుకు పోయి గిరకకు పట్టిన తుప్పు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

అప్పుడు సాహెబ్ దృష్టి మొగులప్ప కాలికి కట్టిన పుల్ల మీద పడింది. తర్వాత చేతిలోని గొడుగు మీద పడింది.

"ఈ గొడుగు నువ్వు విప్పినవా?"

"ఎట్ల విప్పుత సాబ్, పటేల్ ఇంటి ముంగట?"

"ఒక్కసారి కూడా?"

"కొత్తగనే ఉన్నది, సూడుండ్రి సాబ్."

"గిద్యోను?"

గిద్యోను చేతులు కట్టుకొని అన్నాడు, "మాది విప్పితే కందులు కింద పడ్తయి సాబ్."

సాహెబ్ మొహం పున్నమి అయింది. "విప్పని గొడుగు గొడుగు ఎట్లా అయితది? మీకు గొడుగు లేనట్టే. మీరంతా ఆ దిక్కుకు పోండి."

మొగులప్ప కుంటుతూ గొడుగులేని దిక్కుకు పోయాడు. గిద్యోను పోయాడు. ఇగ గొడుగు దిక్కున మిగిలింది ఏడాదంతా దర్జాగా విప్పుకొని తిరిగిన వాళ్లు. మాణిక్యప్ప పటేల్, తక్కిన పెద్దిళ్లు. వాళ్లలో ఒక్కరికీ పురుగు లేదు.

"గొడుగు గెలిచింది," అన్నాడు సాహెబ్. "రాళ్లతో ఖేడ్‌లో గొడుగుల గోదాము కట్టిద్దాం. రేపు బండ్లు పంపిస్త."

మర్నాడు బండి ఒక్కటే వచ్చింది, అది కూడా రాళ్ల కోసం కాదు. మణెమ్మను వెంటనే తీసుకురమ్మని సాహెబ్ బంగళా నుంచి కబురు. కాలు నడవకపోయినా సర్కారు పని కాబట్టి మొగులప్ప కూడా బండెక్కాడు.

బంగళాలో దౌలత్‌రాయ్ సాహెబ్ మంచం మీద ఒక కాలు దిండు మీద పెట్టుకొని ఉన్నాడు. మడమ పైన బొబ్బ పగిలి ఉంది. తెల్లటి దారం తల బయట పెట్టింది. గదిలో తలుపులు మూసి ఉన్నా ఒక నౌకరు ఆయన తల మీద గొడుగు విప్పి పట్టుకున్నాడు.

"దవాఖానకు పోతే మాట బయటికి పోతది," అన్నాడు సాహెబ్ గొంతు తగ్గించి. "నీ చెయ్యి మంచిదట."

"నా చెయ్యి మంచిదే సాబ్." మణెమ్మ కింద కూర్చుంది. పురుగు తలను పుల్లకు తగిలించి, తడిబట్టతో కాలు ఒత్తుతూ మెల్లగా చుట్టింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆగింది.

"ఎందుకు ఆపినవు?"

"యాదికొచ్చింది సాబ్. గా బాయి రాళ్లు గోదాముకు పోతున్నయంట గదా?"

"పోతున్నయ్. పుల్ల గట్టిగ పట్టుకో."

"గట్టిగ పడితే తెగుతది సాబ్. ఇడిచిపెడితే లోపలికి పోతది. బండ్లొచ్చి రాళ్లు తీసుకపోతయో ఏమో అని జర పరేషాన్ల ఉన్న, చెయ్యి వణుకుతున్నది."

"మొగులప్పా, నీ పెండ్లానికి చెప్పు."

మొగులప్ప జీవితంలో మొదటిసారి అధికారి మాట విని నేల చూశాడు. "అది నా మాట ఇనది సాబ్. నాకు గుడ అదే సుట్టుతది."

సాహెబ్ పుల్ల వైపు చూస్తూ అన్నాడు, "గొడుగు గెలిచిందని నాజిమ్ సాహెబుకు కబురు పోయింది. ఇప్పుడు బావి కట్టమని హుకుం ఏమని రాయాలె?"

"నాకు రాత రాదు సాబ్."

సాహెబ్ కళ్లు మూసుకొని ఆలోచించాడు. చదువు ఊరికే పోదు. నౌకరును కాగితం తెమ్మని, గొడుగు కిందే రాశాడు. సర్కారు గొడుగులు దుమ్ము పట్టకుండా కడిగేందుకు, ఊరి బావి మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిరక పెట్టి, గొడుగులు కడిగే గద్దె ఏర్పాటు చేయవలసింది.

మణెమ్మ చెయ్యి వణుకు ఆగింది.

గద్దె కట్టారు. మెట్లు మూతపడ్డాయి. గిరక కిర్రుమంటూ తిరిగింది. గొడుగులు కడగడానికి ఎవరూ రాలేదు, కుండలు పట్టుకొని అందరూ వచ్చారు. గిద్యోను వాడకట్టు వాళ్లు మాత్రం ఎప్పటిలాగే గట్టున నిలబడి పోయించుకున్నారు.

ఆ మరుసటి ఏడు మొగులప్ప కాలికి బొబ్బ లేవలేదు. ఎవరి కాలికీ లేవలేదు. మృగశిర కార్తెకు అతడు చెలకలో నాగలి పట్టుకొని ఉన్నప్పుడు నాజిమ్ మోటారు వచ్చింది. నాజిమ్ ఇల్లిల్లూ తానే తిరిగాడు. చీపురుపుల్ల కట్టిన కాలు ఒక్కటీ కనబడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"దౌలత్‌రాయ్, గొడుగులు ఇచ్చిన తర్వాత ఈ ఊళ్లో ఇంకేమైనా మార్చినవా?"

"లేదు హుజూర్. గొడుగులే."

"ఆ గోడ ఏమిటి, గిరక ఏమిటి?"

"గొడుగులు కడిగే గద్దె, హుజూర్. శుభ్రత కోసం."

నాజిమ్ గద్దె చుట్టూ ఒకసారి తిరిగాడు. గిరక తిప్పి చూశాడు. "శుభ్రత మంచిదే. కాని ఇది దుబారా. తాలూకా అంతటికీ గొడుగులు పంపిద్దాం. గద్దెలు వద్దు."

దౌలత్‌రాయ్ సాహెబ్ తరక్కీ మీద, అంటే ఇంకా పెద్ద ఉద్యోగానికి, నగరానికి పోయాడు. గొడుగు విప్పడం, ముడవడం ఊరూరా నేర్పడానికి అనుభవమున్న మనిషి కావాలని మొగులప్పను సర్కారు తరఫున పంపారు. మొదట నాగల్‌గిద్ద దిక్కు, దిగుడుబావులున్న ఊళ్లకు. ఆయన ఖాకీ కోటు తొడుక్కొని, గొడుగుల కట్ట భుజాన వేసుకొని బయలుదేరాడు.

మణెమ్మ గిరక బావి నీళ్లు ఒక పెద్ద సొరకాయ బుర్రలో నింపి తెచ్చింది.

"నీళ్లు ఇంటికెల్లే తీసుకపో. ఆడ తాగకు."

"గొడుగున్నది గదనే?"

"గొడుగు గుడ తీసుకపో. ఎండ మస్తున్నది."

ఇంద్రమ్మ
వయసు డెబ్బై ఆరు. ఇప్పుడు ఉండేది నారాయణఖేడ్‌లో, బస్సు డిపో వెనక వీధిలో, చిన్న కొడుకు ఇంట్లో.