జీవ నిర్బంధ కేంద్రంలో పిచ్చమ్మ మేక

రాచర్ల మండలంలోని జీవ నిర్బంధ కేంద్రం నుంచి, అది ప్రారంభమైన నాటి నుంచి నేటి వరకు, ఒక్క రోగక్రిమి కూడా తప్పించుకుపోలేదని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. లోపల క్రిములు లేకపోవడం ఇందుకు కొంత తోడ్పడింది. భవనం వచ్చింది గాని, క్రిములు ఇంకా మంజూరు కాలేదు.

కేంద్రానికి ముందువైపు మూడు తలుపులున్నాయి. ఒకటి మూసుకుంటే గాని ఇంకొకటి తెరుచుకోదు. వాటి నడుమ చేతులు కడుక్కోవాలి, చెప్పులు మార్చుకోవాలి, ముఖానికి ముసుగు కట్టుకోవాలి. వెనకవైపు గోడ లేదు. సిబ్బంది టీకి అటునుంచే వెళ్లివస్తారు. నాణ్యతా ప్రమాణాలన్నీ తలుపుల గురించే రాసి ఉన్నాయి గనుక, గోడ లేకపోవడం లోపం కిందికి రాదు.

ఆ లేని గోడలోంచి ఒకనాడు పిచ్చమ్మ మేక లోపలికి వెళ్లింది.

పిచ్చమ్మ కూలి చేసుకు బతికే మనిషి. ఇంట్లో ఆ మేకకు పాలు మరవని పిల్లలు రెండున్నాయి. మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు. బోర్డు మీద 'జీవ నిర్బంధ కేంద్రం' అని చదివించుకుని, అదేదో కొత్త రకం బందెలదొడ్డి అనుకుని, ఆమె ముందు తలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ కాపలా ఉండేది సామ్యేలు.

"ఏమిరా సామ్యేలూ, నా మేకను బందె పెట్టినారంట?"

"మేం పెట్టలేదు పెద్దమ్మా, అదే వచ్చింది. లోపలికొచ్చిన జీవాన్ని బయటికి పంపేది లేదంటన్నాడు సారు."

"యెనక గోడే లేదు గదరా!"

"గట్టిగా అనబాక. సారుకు తెలుస్తాది."

"ఆయనకు తెలీదా ఏంది?"

"తెలుసు. తెలిసినట్టు తెలీకూడదు."

సారు అంటే నాణ్యతాధికారి శేషాద్రి. మరునాడు తనిఖీ ఉంది. బంధించడానికి ఏమీ లేని నిర్బంధ కేంద్రాన్ని ఎలా చూపించాలా అని దిగులుపడుతున్న వేళ, దేవుడు పంపినట్టు మేక వచ్చింది. ఆయన దాన్ని గాజు గదిలో గొలుసుతో కట్టించాడు.

"పిల్లలు అరస్తన్నాయి నాయనా, ఇడిసిపెట్టు," అని పిచ్చమ్మ బతిమాలింది.

"ఇప్పుడది మేక కాదమ్మా. నమూనా," అన్నాడు శేషాద్రి.

ఇక చేసేదిలేక ఆమె పిల్లల్ని రెండు చంకల్లో పెట్టుకుని, వెనక నుంచి తెచ్చి, పాలు తాగించి తీసుకుపోయింది. వాటికి చెప్పులు మార్చే అవసరం రాలేదు.

తనిఖీకి నాగేశ్వర్లు గారు వచ్చారు. మూడు తలుపులనూ మూడేసిసార్లు తెరిపించి మూయించి మెచ్చుకున్నారు. గాజులోంచి మేకను తేరిపార చూశారు.

"ఏ రకం జీవి?"

"స్థానిక రకం సార్."

"ప్రమాదకరమా?"

అప్పటికే అది నిబంధనల పుస్తకంలో సగం తినేసి ఉంది. పత్రాలకు హాని చేయగల జీవి గనుక రెండో తరగతి ప్రమాదంగా గుర్తించారు. ఆపై ఆయన ఉపన్యసించారు.

"సోదరులారా! నిర్బంధమనేది ముందు మన మనసుల్లో కట్టుకోవలసిన గోడ!"

అందరూ చప్పట్లు కొట్టారు. గోడ కాంట్రాక్టరు ఎక్కువసేపు కొట్టాడు. అయినా ఇంత విలువైన జీవం లోపల ఉన్నందున, వెనక భాగాన్ని ఆ సాయంత్రానికే మార్కాపురం పలకరాళ్లతో మూసేయాలని ఆదేశమైంది.

రాళ్లు పేరుస్తుండగా పిచ్చమ్మ పిల్లలతో వచ్చింది. గోడ మోకాలెత్తు లేచేసరికి ఇంటిదారి పట్టి, మళ్లీ తిరిగొచ్చింది. నడుమెత్తు లేచేసరికి రెంటినీ ముద్దాడి, గోడ మీదుగా లోపలికి దించింది. అవి తల్లి దగ్గరికి పరుగెత్తాయి. దీనితో కేంద్రంలోని జీవాల సంఖ్య మూడింతలైనట్టు నాగేశ్వర్లు గారు అక్కడికక్కడే ప్రశంస రాయించారు.

అప్పుడామె ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "సామీ, నన్ను గూడా జీవాల్లో రాసుకో. వాటితోనే పడుంటా."

నాగేశ్వర్లు గారు దయగల మనిషి. కసరకుండా వివరించారు. "లోపలున్న జీవానికి నీడ, మేత, మంచినీళ్లు, వారానికోసారి డాక్టరు, ఇవన్నీ చూసే బాధ్యత మాదమ్మా. మనుషులక్కూడా ఇట్లా ఇస్తూ పోతే ప్రభుత్వం ఏమైపోవాలి?"

ఈ మాట సామ్యేలు విన్నాడు. సామ్యేలు విన్నది గిద్దలూరు ఆటోలు విన్నాయి.

మరునాడు పొద్దునకల్లా మొదటి తలుపు ముందు జనం బారులు తీరారు. పెద్దారవీడు నుంచి కూడా వచ్చారు. డిగ్రీలు పట్టుకుని వచ్చారు, మందుచీటీలు పట్టుకుని వచ్చారు. తమను జీవాలుగా గుర్తించాలన్నదే అందరి కోరిక. తొక్కిసలాట లేదు, కేకలు లేవు. వరుస క్రమాన్ని ప్రశంసిస్తూ శేషాద్రి పైకి రాశాడు.

అందరికన్నా ముందు పిచ్చమ్మ ఉంది. నీడ అడగలేదు, డాక్టరు మాట ఎత్తలేదు. ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే, "లోపల నావాళ్లుండారు," అంది. తగిన కారణం చూపలేదని ఆమెను ఒక్కదాన్నే వెనక్కి పంపించారు.

మిగిలిన వారి విన్నపాలు పరిశీలనలో ఉన్నాయి. వరుసలో ఇంకా చోటుంది. మీకు ఇంతకన్నా మంచి కారణం ఉంటే రావచ్చు.