అత్తగారి కారు, ఫెయిలయ్య పరీక్ష

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరుగారి పథకం చాలా సులువైనది. కాఫీ చల్లారేలోగా అత్తగారి పాత కారును ఫెయిల్ చెయ్యాలి, చేతులు దులుపుకోవాలి.

డ్రైవింగు లైసెన్సు పరీక్షలు పెట్టడంలో ఆయనది ఇరవై రెండేళ్ళ అనుభవం. ఊళ్ళో సగంమంది ఆయన చేతిలో తప్పినవాళ్ళే కాబట్టి అంతా కలిసి ఫెయిలయ్య అని పేరు పెట్టారు. అది చెవిన పడితే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. తప్పు చేసినవాళ్ళను వదిలేసి, పట్టుకున్నవాడికి పేరు పెట్టడమేమిటి? సొంత అత్తగారినే మూడుసార్లు ఫెయిల్ చేసిన మనిషి! ఆపమంటే చాలు, ఆఫీసువారి పరీక్ష కారులో ఆవిడ బ్రేకు మానేసి ఆక్సిలరేటరు తొక్కేది. "నిబంధన ఎవరికైనా ఒకటే అత్తయ్యగారూ, మూడు నెలలాగి రండి" అన్నాడాయన. ఆ రోజు నుంచీ భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది.

అత్తగారికి ఉన్నది ఒకటే కోరిక. పోయిన మామగారు ప్రాణంగా చూసుకున్న కారును ఆదివారం జరిగే పాతకార్ల ఊరేగింపులో ఒక్కసారి తన చేత్తో నడపాలి. అది నూరేళ్ళనాటి ఖరీదైన కారు. ఇత్తడి దీపాలు, తోలు సీట్లు. ఇన్నాళ్ళూ ఆవిడ దాన్ని తోటలోనే నడిపింది. కారుకే యోగ్యతాపత్రం లేకపోతే ఇక లైసెన్సు గొడవే ఉండదని అల్లుడి లెక్క.

పద్నాలుగు గడుల ఫారం, ఎర్రపెన్ను పట్టుకుని ఆయన కారెక్కాడు. ఎక్కీ ఎక్కకముందే మండిపోయాడు. హ్యాండ్‌బ్రేకు తలుపు అవతల ఉంది. వానలో చెయ్యి బయటపెట్టి కారు ఆపాలా? స్టీరింగు మధ్యన రెండు మీటలున్నాయి. ఎందుకో తెలియక "అనవసరం" అని రాశాడు. హారను రబ్బరు బుడ్డి పిసికితే బాతు అరిచినట్టు అరిచింది. దానికి రెండు మార్కులు తీసేశాడు.

పక్కసీట్లో కూర్చున్న అత్తగారు మెల్లగా, "అల్లుడుగారూ, ఆ పెడళ్ళు..." అంది.

"నాకు పెడళ్ళు నేర్పకండి అత్తయ్యగారూ."

ఆవిడ మధ్యదాని గురించి మరోసారి ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

క్లచ్చి వదలగానే, ఇంకో పెడలు తొక్కకుండానే కారు వెన్నలా కదిలింది. వంక పెట్టడానికేమీ దొరక్క ఆయనకు మరింత ఒళ్ళు మండింది. గేటు దాటి, వీధి మొదట్లో ఆపుదామని బ్రేకు తొక్కాడు. కారు ముందుకు దూకింది. ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకా వేగంగా పోయింది. పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పటి ఎగిరి దీపాలకు చుట్టుకుంది. బ్రేకులు లేని బండి చేసినవాణ్ణి తిట్టుకుంటూ ఆయన శక్తికొద్దీ తొక్కుతూనే ఉన్నాడు. మలుపు తిరిగితే ఆయన ఆఫీసు మైదానమే. అక్కడ పరీక్షకు ముప్పైమంది వరుస కట్టి ఉన్నారు. ఆయన స్వయంగా కొలిచి పాతించిన తొమ్మిది కర్రలూ టపటపా పడుతుంటే అందరూ గొంతెత్తి లెక్కపెట్టారు. తొమ్మిదోది పడ్డాక అత్తగారు చెయ్యి చాచి స్విచ్చి ఆపేసింది.

"బ్రేకు పనిచెయ్యదు, ఫెయిల్" అన్నాడాయన ఫారం తీస్తూ.

"మీరు తొక్కితే కదా పనిచేసేది? ఈ కారులో మధ్యది ఆక్సిలరేటరు, కుడిచివరిది బ్రేకు. నలభై ఏళ్ళుగా నా కాలికి ఇదే అలవాటు. మీ ఆఫీసు కారులో నేను తొక్కిందీ ఇలాగే."

ఆయనకు తల కొట్టేసినట్లయింది. ఎవరి బండిలో వాళ్ళు పరీక్షకు రావచ్చని నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ మాట ఆవిడకు ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పి, కిందికి దిగి సీటు ఇచ్చాడు. వరుసలోనివాళ్ళు పరుగున వచ్చి కర్రలు పాతారు. ఆవిడ వాటి మధ్య ఎనిమిది అంకెలా తిప్పింది. ఒక్క కర్రా కదల్లేదు. ఆయన ఎర్రపెన్నుతోనే ఆవిడకూ కారుకూ పాస్ రాశాడు.

"మరి తొమ్మిది కర్రలు పడేసినవాళ్ళకు?" అని వరుసలోంచి ఎవరో అడిగారు.

ఇన్‌స్పెక్టరుగారు ఎర్రపెన్ను జేబులో పెట్టుకోబోయాడు. "నిబంధన ఎవరికైనా ఒకటే అల్లుడుగారూ" అంది అత్తగారు.

ఆదివారం ఊరేగింపులో ఆవిడ కారు నడుపుతుంటే, కూతురు పక్కసీట్లో కూర్చుని దారి పొడవునా నవ్వింది. ఫెయిలయ్య వెనకసీట్లో కూర్చున్నాడు; ఆయన పరీక్షకింకా మూడు నెలలుంది.