నూటికి నూరు బిడ్డలు

"ఐసీయూ నుంచి ఇంటికెళ్లిన ఏ పసిబిడ్డనూ ఈ ప్రభుత్వం వదిలిపెట్టదు. ఏడాది పాటు వెంటాడుతుంది!" అని ప్రాజెక్ట్ ఆఫీసర్ మోహన్‌కృష్ణ గారు మార్కాపురంలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. తర్లుపాడు విలేకరిగా నేను ముందు వరుసలో కూర్చుని రాసుకున్నాను. బరువు, చూపు, వినికిడి, మెడ నిలిపాడా, బోర్లా పడ్డాడా, అన్నీ పరీక్షించి యాప్‌లో ఎక్కిస్తారట. రెండు నెలలు తిరక్కుండానే ఫాలో-అప్ నూటికి నూరు శాతమైంది. మా ప్రాంతంలో ఒక పని ఇంత వేగంగా జరగడం నేను చూడటం ఇదే మొదలు.

ఆ విజయగాథ రాద్దామని ఆయన ఆఫీసుకు వెళ్లిన రోజే నల్లమల గూడెం నుంచి మల్లేశ్వరమ్మ వచ్చింది. చంకలో ఐదు నెలల కొడుకు, వెనకాల మామ పెద్దమల్లయ్య. బిడ్డ ఏడో నెలలోనే పుట్టి, ఇరవై రెండు రోజులు గాజుపెట్టెలో ఉండి బతికి బయటపడ్డాడు.

"పళ్లెం కిందపడేసినా తిరిగి సూడ్డంలే సారూ. చెవులు పరీక్ష చేయించు," అంది.

సారు కంప్యూటర్ చూసి నవ్వారు. "అయిపోయిందమ్మా. వినికిడి నార్మల్. బరువు ఏడు కిలోలు. బోర్లా కూడా పడుతున్నాడు."

చంకలో బిడ్డ నాలుగున్నర కిలోలకు మించడు. కంప్యూటర్లో బిడ్డే పుష్టిగా ఉన్నాడు.

"మేం ఎప్పుడొచ్చినాం సారూ? ఇంటికి పోయినాక ఇదే రావడం."

విషయమేమిటంటే, పేరు పెట్టని బిడ్డలను ఆసుపత్రిలో తల్లి పేరు మీదే రాసుకుంటారు. మా నల్లమల అంచున ఇంటికో మల్లేశ్వరమ్మ. జాబితాలో 'బేబీ ఆఫ్ మల్లేశ్వరమ్మ'లు తొమ్మిది మంది. వాళ్లలో ఎవరో ఒకామె తన బిడ్డను తెచ్చి పరీక్ష చేయించింది. తొమ్మిది మందికీ ఆకుపచ్చ టిక్కు పడింది. ఇది సామాన్యమైన విషయమా!

"అది వేరే బిడ్డ అయ్యుంటాది సామీ. మళ్లా ఒక్కసారి చూడరాదా?" అన్నాడు పెద్దమల్లయ్య.

"చూస్తే డబుల్ ఎంట్రీ అవుతుంది పెద్దాయనా. నూటొక్క శాతమొస్తే పైవాళ్లు తప్పు పడతారు. బిడ్డకు పేరు పెట్టండి, కొత్త బిడ్డగా ఎక్కిస్తా."

"పుట్టెంటికలు తీసినాక గదా మేం పేరు పెట్టేది," అని గొణిగాడు ముసలాయన. కాసేపు బిడ్డ వంక చూసి, ఆచారాన్ని పక్కన పెట్టేశాడు. "మల్లేష్ అని రాయి నాయనా."

సారు టైప్ చేశారు. మల్లేష్‌లు పధ్నాలుగు మంది తేలారు. అందరికీ వినికిడి నార్మల్. నాకా యాప్ మీద భక్తి పుట్టింది.

పోయిన వారం ఫాలో-అప్‌లో ప్రథమ స్థానం షీల్డు ఇవ్వడానికి మంత్రి గారు వచ్చారు. వేదిక మీదికి ఆదర్శ శిశువు కావాలన్నారు. ఇంకో మల్లేశ్వరమ్మ ఏడు కిలోల బిడ్డ కోసం బయల్దేరిన జీపు, దారి దగ్గరని ఈ మల్లేశ్వరమ్మనే ఎక్కించుకొచ్చింది. "అక్కడ చెవుల డాక్టరు ఉంటాడా అన్నా?" అని దారంతా అడిగిందట. "అందరూ ఉంటారమ్మా," అన్నాడట డ్రైవరు.

మంత్రి గారు వేదికెక్కగానే వెయ్యి టపాకాయల సరం పేలింది. డప్పులు మోగాయి. మైకు కీచుమంది. గన్‌మన్ కూడా ఉలిక్కిపడ్డాడు. కింద కూర్చున్న పసిబిడ్డలు గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లులు వాళ్ల చెవులు మూశారు. వేదిక మీదున్న మల్లేశ్వరమ్మ మూయలేదు. భుజాన నిద్రపోతున్న కొడుకు మొహంలోకే చూస్తూ నిలబడింది.

"చూశారా!" అన్నారు మంత్రి గారు మైకులో. "ఇంత మోతలోనూ కుయ్యిమనలేదు. ఎంత ధైర్యం! ఇదయ్యా ఫాలో-అప్ అంటే!"

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. మోహన్‌కృష్ణ గారు షీల్డు అందుకున్నారు. మంత్రి గారు ముచ్చటపడి ఇంకో సరం వెలిగించమన్నారు.

మల్లేశ్వరమ్మ వేదిక దిగి, బిడ్డను రెండు చేతులా ఎత్తి, చెవి అటువైపు తిప్పి పట్టుకుని, ఆ సరం దగ్గరికి నడిచింది.