అత్తయ్యను కదిలించరాదు

ఒక నగరం గొప్పతనాన్ని దాని మేడలను బట్టి, వంతెనలను బట్టి అంచనా వేసేవాళ్లు అమాయకులు. చూడటానికి మొదటిసారి వచ్చిన మనిషిని ఏమీ చూపించకుండా ఎంతసేపు నిలబెట్టగలదన్నదే అసలైన కొలత. ఆ లెక్కన మా నగరానికి సాటి వచ్చే నగరం భూమ్మీద లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఒకప్పుడు మా ఊరు వచ్చినవాళ్లు తిన్నగా సముద్రం దగ్గరికి వెళ్లి, చూసి, చెప్పుల్లో ఇసుక దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు. పైసా ఖర్చు లేదు. ఇది పేదవాళ్లకు ఎంత అన్యాయమో చౌక సందర్శన శాఖ ఏర్పడేదాకా ఎవరికీ తట్టలేదు. ఉచితంగా దొరికేదాని మీద పేదవాడికి రాయితీ ఎలా ఇస్తారు? అందుకని శాఖవారు ముందు సముద్రానికి టికెట్టు పెట్టి, ఆ తర్వాత దాన్ని అందుబాటు ధరకు తగ్గించారు. (సముద్రం ఉన్నచోటే ఉంది. దారికే గేటు వచ్చింది.) ఊరికి మొదటిసారి వచ్చినవాళ్లకైతే టికెట్టే అక్కర్లేదు (కొంటామన్నా అమ్మరు), తొలి సందర్శకుల కార్డు ఉంటే చాలు. ఆ కార్డు కావాలంటే ముందుగా స్థానిక సంస్కృతిని చూసి రావాలి.

స్థానిక సంస్కృతి అంటే మా సందు.

ఇందులో మా ప్రయోజకత్వం ఏమీ లేదు. మ్యూజియం కప్పు కారుతోంది, బాగు చేయించాలంటే తడిసి మోపెడవుతుంది. మా సందు చివర బస్సు వెనక్కి తిరగడానికి చోటుంది. శాఖవారు రెండూ బేరీజు వేసుకుని మమ్మల్ని సంస్కృతిగా ప్రకటించారు. రోజూ పదింటికి పెద్ద పెద్ద కిటికీల బస్సొకటి వచ్చి గంటసేపు ఆగుతుంది. ఆ గంటా నివాసులందరూ తమ సహజ స్వభావంతో మెలగాలని నోటీసు వచ్చింది. అందరూ తలుపులు వేసుకున్నారు.

ఇలాంటి రోజుల్లో మా మేనత్త ఊళ్లో దిగింది. బడిలో గంట కొట్టే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నగరం చూడటం ఇదే మొదలు. మూడోనాటి సాయంత్రం రైలుకి తిరుగు టికెట్టు.

"ఒరేయ్, నాకు మేడలూ వద్దు, షాపులూ వద్దు. ఒక్క సముద్రం చూపించు చాలు," అంది, సంచి కింద పెట్టకముందే. "ఏటా అయిదో తరగతికి మేష్టారు సముద్రం పాఠం చెప్పేవారు. వరండాలో గంట పక్కన నిలబడి నలభై ఏళ్లు విన్నాను. వెళ్లగానే మోకాళ్లకి ఆపరేషను. ఆ తర్వాత ఏ మాత్రం నడుస్తానో ఆ డాక్టరుకే తెలీదంట."

"ఎంత పని అత్తయ్యా, మధ్యాహ్నం చూసొద్దాం," అన్నాను. నేను లిఫ్టుల కంపెనీలో ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగిని. మాటివ్వడం నాకు అలవాటే. బాగుచేసే పని వేరేవాళ్లది.

కార్డుల కౌంటరు దగ్గర అధికారి మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు.

"స్థానిక సంస్కృతి చూశారామ్మా?"

"మా సందే కదండీ, అక్కణ్ణుంచే వస్తున్నాం," అన్నాను నేను.

"బస్సులో కూచుని చూశారా?"

"నడుచుకుంటూ వచ్చామండీ."

"నడిస్తే అది రాకపోకలండీ, సంస్కృతి కాదు." ఆయన జాలిగా నవ్వి, మర్నాటి బస్సులో సీటు రాసిచ్చాడు. బస్సు మా సందుకే వస్తుంది. ఎక్కాలంటే మాత్రం బస్టాండుకి వెళ్లాలి. నేను బతిమాలగా బతిమాలగా, సందులోనే ఎక్కడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గానీ, ఈయన దేవుణ్ణి కూడా సంప్రదించకుండానే ఇచ్చేశాడు.

మర్నాడు తొమ్మిదింటికే అత్తయ్య తయారై సందులోకి వెళ్లింది. నేను స్నానం చేసి వచ్చేసరికి టైలరు తన స్టూలు ఆవిడకి వేసి, తాను మిషను బల్ల అంచున కూచుని ఉన్నాడు. ఆ షాపులో ఒక టైలరున్నాడని నాకు తెలుసు. ఆయనకి నవ్వొస్తుందని అప్పుడే తెలిసింది.

"కాజా కుడితే చాలయ్యా, కిటికీ ఎందుకు?" అంటోంది అత్తయ్య, ఆయన కుట్టిన చొక్కా ఎత్తి చూపిస్తూ.

ఇంతలో పైవాటా ఆయన ఏసీ నీళ్లు కిందవాటా ఆవిడ ఆరేసిన బట్టల మీద పడ్డాయి. ఇద్దరూ ఏడాదిగా ఆ విషయాన్ని అపార్ట్‌మెంటు గ్రూపులో సభ్యమైన భాషలో చర్చించుకుంటున్నారు. అత్తయ్య తలెత్తి, బడి మొత్తానికి వినిపించిన గొంతుతో, "ఏం నాయనా, ఆ గొట్టానికి ఇంకో మూరెడు పైపు తగిలిస్తే నీ సొమ్మేం పోయింది? అమ్మా, నువ్వూ తీగ కాస్త ఇటు జరుపుకో!" అని తీర్పు చెప్పేసింది. ఆయన పైపు పట్టుకుని దిగాడు. ఆవిడ టీ పట్టుకుని వచ్చింది. ఇదేం గోలని చూడటానికి తక్కిన తలుపులూ తెరుచుకున్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ నోరు ఎంత మంచిదో చెప్పలేను గానీ చాలా పెద్దది.

సరిగ్గా అప్పుడు బస్సొచ్చింది. కిటికీలన్నీ ఫోన్లతో నిండిపోయాయి. ముందు తలుపులోంచి సహజత్వ తనిఖీ అధికారి దిగాడు. మూడు నెలలుగా మూసిన తలుపులు తనిఖీ చేసి నీరసించిన మనిషి. అత్తయ్యని చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లకి దొరికారమ్మా!" అంటూ జేబులోంచి ఒక బిళ్ల తీసి స్టూలుకి తగిలించాడు. దాని మీద 'స్థానిక సంస్కృతి. కదిలించరాదు' అని ఉంది.

"అవన్నీ తర్వాత నాయనా. నేను బస్సెక్కాలి," అంది అత్తయ్య లేస్తూ.

"సంస్కృతి బస్సెక్కకూడదమ్మా. బస్సులోవాళ్లు చూడాల్సింది మిమ్మల్నే."

"ఆవిడ నిన్ననే ఊళ్లో దిగిందండీ!" అన్నాను.

"మరి మీరు?"

"ఇరవై రెండేళ్లుగా ఈ సందులోనే ఉంటున్నాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి టైలరు వైపు తిరిగాడు. టైలరు మొహమాటపడుతూ, "ఎక్కడో చూసినట్టే ఉందండీ," అన్నాడు.

అంతటితో అత్తయ్య స్థానికురాలని తేలిపోయింది. బిళ్ల పడ్డ స్థానికులు సముద్రానికి వెళ్లాలంటే శాఖ అనుమతి కావాలి, దానికి వారం పడుతుంది. రైలేమో మర్నాడే. నాకు ఒళ్లు మండిపోయింది. (నిబంధనలకు లోబడే మండింది.) ఆ సాయంత్రం అత్తయ్య అన్నం ముందు కూచుని, "పోనీలేరా. విన్నాను కదా, అదే చాలు," అంది. అంత గొంతూ ఇంత చిన్నదైపోయింది.

పొద్దున్నే శాఖకి పరిగెత్తాను. ఒక దారి ఉందన్నారు. స్థానిక సంస్కృతి స్థానంలో అంతకు తగ్గ స్థానికుడు కూచుంటే ఆవిణ్ణి వదిలేస్తారు. నేను కూచుంటానన్నాను. మంచిదే గానీ, చిన్న పరీక్ష ఉంటుందన్నారు. తనిఖీ అధికారే పరీక్షకుడు.

"మీ ఎదురింట్లో ఎవరుంటారు?"

"గోధుమరంగు తలుపు ఉంటుందండీ."

"మందులషాపాయన కూతురు ఏం చదువుతోంది?"

"ఆయనకి పెళ్లయిందా అండీ?"

"సందు చివర నుంచి ఎటు తిరిగితే సముద్రం?"

జేబులో ఫోను కోసం తడుముకున్నాను. ఫోను చూడకూడదన్నారు.

"పోనీ, ఆఖరిసారి సముద్రం ఎప్పుడు చూశారు?"

వెళ్దామనుకున్న ఆదివారాలు గుర్తొచ్చాయి గానీ, వెళ్లిన ఆదివారం ఒక్కటీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

"అయ్యో పాపం," అన్నాడాయన, నిజంగానే. "ఊరికి కొత్త అని ముందే చెప్పొచ్చు కదండీ!" అని తొలి సందర్శకుల కార్డు మీద ముద్ర కొట్టి నా చేతిలో పెట్టాడు. బస్సు షరతు కూడా మాఫీ చేశాడు. ఇరవై రెండేళ్లు ఆ సంస్కృతిని బయటనుంచే చూశాను కాబట్టి గంట ఎప్పుడో పూర్తయిందన్నాడు. పైగా, "ఒంటరిగా వెళ్తే తప్పిపోతారు. స్థానికుల్లో ఒకరిని దారి చూపడానికి తీసుకెళ్లొచ్చు. అలాగైతే వాళ్లకి వేరే అనుమతి అక్కర్లేదు," అన్నాడు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి, "లే అత్తయ్యా, నాకు సముద్రం చూపించాలి నువ్వు!" అన్నాను.

అత్తయ్య చూపించింది. పూలమ్మే ఆవిణ్ణి ఒకసారి, రిక్షా తొక్కే అతన్ని ఒకసారి, ఊరికే గోడకానుకుని నిలబడ్డ ముసలాయన్ని ఒకసారి దారి అడిగింది. ఒక్కొక్కరి దగ్గరా దారితోపాటు వాళ్ల సంసారం కూడా తెలుసుకుంది. మోకాలు పట్టేసినప్పుడల్లా నా భుజం పట్టుకుని ఆగింది. గేటు దగ్గర కార్డు చూసి, "కొత్తవాళ్లు కదా, నీళ్లలో దిగనివ్వకండమ్మా," అని నన్ను ఆవిడకి అప్పగించారు.

ఇసుక మీద అత్తయ్య నిలబడిపోయింది. గాలికి కొంగు ఎగురుతున్నా పట్టించుకోలేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఆ మేష్టారు సగమే చెప్పాడ్రా," అంది. నేను కూడా తుడుచుకున్నాను. గాలిలో ఇసుక ఉందని చెప్పొచ్చు గానీ, లేదు.

ఆ సాయంత్రం రైలెక్కించాను. టైలరు, పైవాటా ఆయన, కిందవాటా ఆవిడ స్టేషనుకొచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురూ ఒకే ఆటో ఎక్కారు. నేను వేరే ఆటోలో వచ్చాను.

రెండు రోజుల తర్వాత ఆఫీసుకి బయల్దేరుతూ తలుపు తాళం వేస్తున్నాను. పదింటి బస్సు ఆగి ఉంది. ఒకాయన కిటికీ జరిపి, మెడ బయటికి పెట్టి, సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"ఏమండీ, ఇక్కడివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఒకావిడ ఉండేవారండీ," అన్నాను. "మొన్న సాయంత్రం రైలుకి వాళ్ల ఊరెళ్లిపోయారు."