చెట్టు కింద ఇల్లు లేదు

చెట్టుకు కూడా ప్రభుత్వంలో ఒక స్థానం ఉండాలని గుర్తించిన మొదటి ప్రాంతం మాదేనని, ఈ విషయంలో అగ్రరాజ్యాలు మనకంటే కనీసం నలభై ఏళ్లు వెనకబడి ఉన్నాయని ‘తరునేత్ర’ పథకం ప్రారంభోత్సవంలో వక్తలందరూ ఏకకంఠంతో ప్రకటించారు. నేను మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొత్త ఫారం వచ్చిందంటే నా చేతులు ఊరుకోవు.

పథకం చాలా సులువైనది. నూజివీడు చుట్టుపక్కల ప్రతి మామిడి చెట్టుకూ పన్నెండంకెల నంబరు ఇస్తారు. ఆ నంబరున్న రేకు ముక్కను మానుకు మేకుతో దిగ్గొడతారు. (మేకు వల్ల చెట్టుకు నొప్పి కలగదని నిపుణుల కమిటీ తేల్చింది. చెట్లు ఆ సమావేశానికి హాజరు కాలేదు.) రేకు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే చెట్టు రకం, వయసు, యజమాని పేరు, ఆయన ఫోన్ నంబరు క్షణంలో తెలుస్తాయి. రేకు వెనక శనగ గింజంత చిప్ ఒకటి ఉంటుంది. చెట్టు పడిపోతే అది వెంటనే పైవాళ్లకు చెప్పేస్తుంది. అనుమతి లేకుండా కొట్టినట్టు తేలితే కేసు యజమాని మీద పడుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు డ్రోను వచ్చి ఊరి మొత్తాన్ని ఆకాశం నుంచి ఫొటో తీస్తుంది. ఇకమీదట కొమ్మ నరకాలన్నా యాప్‌లో దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు.

లెక్కలు రాసేవాళ్లు మాఘమాసంలో మా ఊరు వచ్చారు. మాది చాట్రాయి వెళ్లే దారిలో చిన్న ఊరు. అప్పటికి తోటలన్నీ నిండు పూత మీద ఉన్నాయి. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు మామిడి పూత మీదే అమ్ముడుపోతుంది. పూత కొన్న దగ్గర్నుంచి చివరి కాయ దించేదాకా చెట్టు షావుకారుదే. భూమి రైతుది, పట్టా రైతుది, కానీ ఆ నాలుగైదు నెలల్లో చెట్టు ఎవరిదని అడిగితే రైతు కూడా షావుకారు పేరే చెబుతాడు. పంచాయతీ చెట్లకూ ఇదే పద్ధతి, పూత మీద వేలం వేస్తారు. తాతల నాటి నుంచి ఇలాగే నడుస్తోంది కాబట్టి ఇది ఎవరికైనా వివరించాలని మాకెప్పుడూ తట్టలేదు.

ట్యాబ్‌లు పట్టుకుని వచ్చినవాళ్లు ప్రతి చెట్టు దగ్గరా ఆగి, “ఇది ఎవరిదండీ?” అని అడిగారు. మావాళ్లు ఉన్నమాట చెప్పారు. సాయంత్రానికల్లా మా ఊళ్లో ఒక్క రైతుకూ ఒక్క చెట్టు లేకుండా పోయింది. పంచాయతీకి అసలే లేవు. పదకొండు వేల చెట్లూ నూజివీడులోని నలుగురు వ్యాపారుల పేర్ల మీద, నాలుగు ఫోన్ నంబర్ల మీద చేరాయి. యాజమాన్య వివాదం ఒక్కటీ లేని గ్రామంగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. అది పంచాయతీ ఆఫీసులో గోడకు వేలాడుతోంది.

ఆ పదకొండు వేలలో ఒకటి పార్వతి ఇంటి వెనక ఉన్న పంచాయతీ చెట్టు. పెద్ద రసం రకం మామిడి, నా చిన్నప్పటికే ముసలిది. పార్వతి, ఆవిడ భర్త చిన్నయ్య, ఇద్దరూ తోటల్లో కూలిపని చేసి బతికినవాళ్లే. నాలుగేళ్ల కిందట చిన్నయ్య కాయ కోస్తూ కొమ్మ మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. అప్పట్నుంచీ మంచమే. వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు, ముప్పై ఏళ్ల కిందట ప్రభుత్వం పట్టా ఇచ్చిన స్థలంలో కట్టుకున్నది. చెట్టు ఆ ఇంటిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కప్పేసి ఉంటుంది.

ఉగాది వెళ్లిన వారానికి పార్వతి మా ఇంటికి వచ్చింది.

“పోస్టు మాస్టారండీ, ఎనకాల మాను చీలిందండీ. లోపలంతా చెద తినేసి డొల్లయిపోయింది. మా ఇంటి మీదకే వంగింది. ఈసారి గాలొస్తే ఆయన మంచం మీదే పడుద్ది.”

“పంచాయతీ వాళ్లకి చెప్పావా?”

“మాకు చెట్లే లేవంటున్నారండీ. కొట్టేవాళ్లని పిలిస్తే రేకు చూసి ఎవురూ చెయ్యి ఎయ్యట్లేదు. పోనీ నేనే ఎలాగో కొట్టిద్దామంటే, కేసు షావుకారు గారి మీద పడుద్దంటగా. ఆయన మాకేం అన్యాయం చేశాడండీ, కేసులో ఇరికించడానికి?”

నేను ఉత్సాహంగా కళ్లజోడు తుడుచుకుని యాప్ తెరిచాను. ఫిర్యాదుదారుగా పార్వతి పేరు పెట్టి, ఫోన్ నంబరు నాదిచ్చాను. సమస్యను రెండు వందల అక్షరాలకు మించకుండా వివరించమంది. నేను నూట తొంభై ఎనిమిది అక్షరాల్లో, చీలిక, చెద, మంచం, తుంటి, ఏదీ వదలకుండా వివరించాను. అంత పొందికైన వాక్యం నా సర్వీసులో ఎప్పుడూ రాయలేదు. మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. దరఖాస్తుదారు చెట్టు యజమాని కాదు కాబట్టి తిరస్కరించడమైనది, యజమాని ఓటీపీతో తిరిగి రావలసినది.

“యజమాని మురళీకృష్ణ అని ఉంది,” అన్నాను.

పార్వతి తల పట్టుకుంది. “చెప్పింది నేనేనండీ. ఎవరిదని అడిగితే షావుకారు గారిదన్నాను. ఈ ఏడు పూత ఆయనే కదండీ పాడుకుంది. తప్పు చెప్పానంటారా?”

“తప్పేం చెప్పలేదు.”

“మరి తప్పెక్కడ జరిగిందండీ?”

ఆ ప్రశ్నకు యాప్‌లో గడి లేదు. మురళీకృష్ణ గారికి ఫోన్ చేశాను. నూజివీడులో పెద్ద మామిడి వ్యాపారి. సీజన్ మొదలై కాలు నిలవని సమయం, అయినా విషయం వినగానే కంగారుపడ్డారు.

“అయ్యో, కాయ పోతే పోయింది మాస్టారూ, కొట్టించేయండి. ముందు ఆ మనిషి సంగతి చూడండి. ఓటీపీ చెప్తున్నా, రాసుకోండి.”

ఓటీపీ పనిచేసింది. కానీ యజమానికీ చెట్టుకూ ఉన్న అనుబంధాన్ని నిర్ధారించుకోవడానికి ఇద్దరూ కలిసి దిగిన సెల్ఫీ కావాలంది యాప్. ఆయన లోడింగ్ ఆపించి, మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద వచ్చారు. తెల్ల చొక్కాతో చెట్టు పక్కన నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నారు. కళ్లు ఆర్పమంది, ఆర్పారు. తల కుడివైపు తిప్పమంది, తిప్పారు. తర్వాత, ‘చెట్టును కదలకుండా ఉంచండి’ అంది. (చెట్టు కదులుతోందన్నదే మా ఫిర్యాదు.) ఆరోసారి గాలి ఆగినప్పుడు సెల్ఫీ కుదిరింది. పార్వతి ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ముగ్గురం చాలా సంతోషించాం.

రెండు రోజులకు రెండో తిరస్కరణ వచ్చింది. దరఖాస్తులో పేర్కొన్న ఇల్లు సదరు స్థలంలో లేదు, డ్రోను చిత్రం జతపరచడమైనది. చిత్రం చాలా బాగుంది. మధ్యలో గుండ్రంగా, ముదురాకుపచ్చగా చెట్టు, చుట్టూ పక్కవాళ్ల రేకులు, డాబాలు, ఒక గేదె. చిన్నయ్య మంచం మీంచే చెయ్యి చాచి ఫోను అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు.

“మన చెట్టే,” అన్నాడు. “మేం ఎక్కడున్నామండీ ఇందులో?”

“కింద,” అన్నాను.

అభ్యంతరాలు వినడానికి నూజివీడులో వృక్ష సమాచార సంయుక్త పరిశీలనాధికారి ఉంటారని తెలిసి, పార్వతిని తీసుకుని వెళ్లాను. ఆయన పేరు వెంకటకృష్ణారావు. చాలా మర్యాదస్తులు. కుర్చీలు వేయించి, మంచినీళ్లు ఇప్పించి, డ్రోను చిత్రాన్ని గోడంత తెర మీద వేయించారు.

“ఇల్లు ఉంటే కనపడాలి కదమ్మా,” అన్నారు.

“చెట్టు కింద ఉందండీ.”

“అదే నేనూ చెప్తున్నా. చెట్టు అడ్డంగా ఉంది. అది తీయించి ఫొటో పెట్టారంటే ఇంటిని వెంటనే రికార్డులోకి ఎక్కిస్తాం.”

“అది తీయించమనే వచ్చామండీ.”

“ఇల్లు రికార్డులో ఉంటేనే కదమ్మా తీయడానికి కారణం ఉన్నట్టు.”

పార్వతి సంచిలోంచి పట్టా తీసి రెండు చేతులతో అందించింది. దాన్ని పాడవకుండా లామినేషన్ చేయించి ట్రంకు పెట్టెలో దాచుకుంది పాపం. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇది కాగితం అమ్మా,” అన్నారు జాలిగా. “పైగా లామినేషన్ చేయించేశారు. మెరుపు వస్తుంది, స్కానర్ తీసుకోదు.”

“పోనీ మీరొకసారి వచ్చి కళ్లారా చూడండయ్యా. ఇరవై కిలోమీటర్లేగా.”

వెంకటకృష్ణారావు గారి ముఖం చిన్నబోయింది. “మేం వచ్చి చూసే రోజులు పోయాయమ్మా. అందుకే కదా ఇంత కష్టపడి ఇదంతా తెచ్చుకున్నది.”

ఆయన మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. నిబంధన 14(బి) కింద ఒక వెసులుబాటు ఉందన్నారు. చెట్టు ఆకు రాల్చే కాలంలో డ్రోనును మళ్లీ పంపమని అర్జీ పెట్టుకోవచ్చు. మామిడి చెట్టు ఆకంతా రాల్చి మోడవడం నేను డెబ్బై ఏళ్లలో చూడలేదని మనవి చేసుకున్నాను.

“అన్ని చెట్లకూ కలిపి ఒకటే రూలు చేశారండీ,” అన్నారాయన. “మీరైతే పెట్టండి. పెండింగ్‌లో ఉంటుంది.”

పెట్టాను. పెండింగ్‌లో ఉంది. నిజం చెప్పాలంటే, ఆ రశీదు నంబరు చేతికొచ్చాక నా మనసు కుదుటపడింది. పార్వతి మాత్రం ఆ రోజు నుంచి పనికి వెళ్లేముందు మంచాన్ని గోడవారకు జరపడం మొదలుపెట్టింది. మాను ఇంకో జానెడు వంగింది.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. పార్వతి ఊరి బయట మామిడికాయల షెడ్డులో కాయలు ఏరుతోంది. చేతిలో కాయ అక్కడే పడేసి మైలు దూరం పరిగెత్తింది. ఎదురింట్లో టైర్లకు పంచర్లు వేసే రాయప్పను కేకేసింది. ఇద్దరూ మంచం ఎత్తారు గాని, అది గుమ్మంలో పట్టలేదు. (ఇంట్లోనే నులక అల్లిన మంచం, బయటికి తీయాలని ఎవరూ అనుకోలేదు.) చిన్నయ్యను దుప్పట్లోకి దించి, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చారు. అతను నొప్పితో పెట్టిన కేకలు మా ఇంటిదాకా వినపడ్డాయి. రాయప్ప అరుగు ఎక్కించారో లేదో, వెనక చెట్టు పడింది.

నేను గొడుగేసుకుని వెళ్లేసరికి ఇల్లు లేదు. రేకులు, గోడలు, పొయ్యి, ట్రంకు పెట్టె, అన్నీ కొమ్మల కింద ఉన్నాయి. పండని కాయలు వీధంతా దొర్లుతున్నాయి. చిన్నయ్య తడిసిన దుప్పట్లో పడుకుని, మంచం ఉండాల్సిన చోటు వైపు చూస్తున్నాడు. పార్వతి అతని కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా నూట తొంభై ఎనిమిది అక్షరాలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

తరునేత్ర పనితనం అప్పుడు చూడాలి. చెట్టు నేలకు తగిలిన ఇరవై నిమిషాల్లో మురళీకృష్ణ గారి ఫోనుకు సందేశం వచ్చింది. అందులో ఆయన ఆత్మీయ వృక్షం ఆకస్మిక మరణానికి తరునేత్ర వారు ప్రగాఢ సానుభూతి తెలియజేశారు. ఆ పై నిమిషంలో నా ఫోనుకు మరొకటి వచ్చింది: ‘శ్రీమతి పార్వతి గారూ, మీరు కోరిన చెట్టు తొలగింపు పూర్తయినది. మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ నేను ఫోను జేబులో పెట్టేశాను. ఎవరూ ఏదీ నొక్కకపోతే అయిదు స్టార్లు ఇచ్చినట్టే లెక్క అని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండా డ్రోను వచ్చింది. చెట్టు మరణించిన చోట మళ్లీ సర్వే చేయాలని నియమం ఉందట. ఇల్లు కూలిందని, పరిహారం ఇప్పించమని పార్వతి చేత నేను పెట్టించిన అర్జీ ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. వెంకటకృష్ణారావు గారికి ఫోన్ చేస్తే ఓపిగ్గా వివరించారు.

“అంతకుముందు ఫొటోలో ఇల్లు లేదండీ మాస్టారూ. ఇప్పటి ఫొటోలోనూ లేదు. మార్పేమీ జరగలేదు కదా. మా రికార్డు అప్పుడూ కరెక్టే, ఇప్పుడూ కరెక్టే.” పాత ఫొటోలో ‘చెట్టు’ అని ఉన్నచోట ఇప్పుడు ‘ఖాళీ స్థలం’ అని మార్చామని, ఆ ఒక్క మార్పు తప్పనిసరైందని చెప్పారు.

అప్పటిదాకా వాళ్లిద్దరూ రాయప్ప అరుగు మీదే ఉన్నారు. మర్నాడు మురళీకృష్ణ గారు కాయల లోడు మీద కప్పే నీలం టార్పాలిన్, నాలుగు వెదురు గడలు పంపించారు. రాయప్ప, పార్వతి కొమ్మలు తప్పించి, పాత పునాది మీదే గడలు పాతి దాన్ని కట్టారు. కొత్త నులక మంచం వేశారు. ఈసారి గుమ్మం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. చెట్టు నీడ పోవడంతో లోపల ఉడికిపోతోంది. చిన్నయ్యకు పార్వతి రోజంతా విసురుతోంది, కూలికి వెళ్లడం మానేసింది.

డ్రోను మరోసారి ఊరి మీద తిరిగింది, టార్పాలిన్ కట్టిన పదోరోజు తరునేత్ర ముద్రతో నోటీసు వచ్చింది. దాన్ని చదివి చెప్పమని పార్వతి నా చేతికిచ్చింది. సదరు ఖాళీ స్థలంలో అక్రమంగా నీలిరంగు నిర్మాణం వెలిసినట్టు ఆకాశం నుంచి స్పష్టంగా కనిపించిందని, ఏడు రోజుల్లోగా తొలగించాలని అందులో ఉంది. కింద నిర్మాణం పొడవు, వెడల్పు ఇచ్చారు.

ముప్పై ఏళ్లలో పార్వతి ఇల్లు ప్రభుత్వానికి కనపడటం ఇదే మొదటిసారి. తప్పు పట్టుకుందామని ఇంటికెళ్లి టేపు తెచ్చి, నాలుగు వైపులా కొలిచి చూశాను. అంగుళం తేడా లేదు.