వేడెక్కిన రెగ్యులేటర్, చిల్లుపడ్డ మూత

మీరే చెప్పండి, అల్యూమినియం మూతకి మధ్యలో ఒక చిన్న చిల్లు పెడితే సంసారం మునిగిపోతుందా? మా ఆవిడ మునిగిపోతుందంటుంది. ఆ చిల్లు ఎందుకు పెట్టావని ఒక్కరైనా నన్ను అడిగిన పాపాన పోలేదు!

వెనకగదిలో నాకొక టేబుల్ ఉండేది. దాని మీద రేడియోలు తయారుచేసేవాణ్ణి. తయారయ్యాయని మాత్రం అనను. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కత్తిరింపులన్నీ వంటింటి నేల మీద పరుచుకుని, నడుం పట్టేస్తోందని నా టేబుల్ మీద కన్నేసింది.

"ఆదివారం మా తమ్ముడొస్తున్నాడు. వాడి ముందు మీ రేడియో గంటసేపు ఆగకుండా పాడితే టేబుల్ మీకే. ఆగిందా, అక్కడికి నా కుట్టుమిషనొస్తుంది" అంది.

"గంటేం ఖర్మ, రోజంతా పాడుతుంది!" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

ఇబ్బంది ఎక్కడంటే, నా అడాప్టర్ పన్నెండు వోల్టులిస్తుంది. రేడియోకి కావలసింది అయిదు. మధ్యలో మూడుకాళ్ల రెగ్యులేటర్ ఒకటి కూర్చుని, అయిదు అటు పంపి, మిగతాదంతా వేడిగా మార్చి ఒంటికి పట్టించుకుంటుంది. ఒళ్లు కాలిపోగానే పని మానేస్తుంది, చల్లారాక మళ్లీ మొదలుపెడుతుంది. మా ఆఫీసులో మేనేజరూ అంతే, కాకపోతే ఆయన చల్లారడు.

ఆ వేడి లాగెయ్యాలంటే దాని వీపుకి ఓ లోహపు రేకు బిగించాలి. ఇంట్లో అంత మంచి రేకు పాలగిన్నె మూత ఒక్కటే. చిల్లు పెట్టి బిగించేశాను. ఇది నేరమా?

ఆదివారం బావమరిది దిగాడు. ప్రతిదాంట్లో వేలు పెడతాడని నేను వాణ్ణి వేలుబాబు అంటాను. రేడియో పది నిమిషాలు పాడిందో లేదో, తిన్నగా వచ్చి రెగ్యులేటర్ మీదే వేలు పెట్టాడు.

"అమ్మో! బావా, ఇది రేడియోనా, పొయ్యా?"

"పెట్టమని నేనడిగానా?"

ఆ కేకకి మా ఆవిడ వచ్చింది. "అయ్యో, నా మూత! పొద్దుట్నుంచీ ఇల్లంతా వెతుకుతున్నా!"

"మూత కాదు, హీట్ సింక్."

"నిన్నటిదాకా మూతే! ఇప్పుడు పాల మీద ఏం పెట్టను, మీ రెగ్యులేటరా?"

ఇంతలో ఆ మూత కూడా కాలడం మొదలైంది. టేబుల్ ఫ్యాను తిప్పాను. ఆ గాలి గుమ్మందాటి వంటింట్లోకి పోయింది. కాగితం కొలతలన్నీ లేచాయి. ఒక చొక్కా చెయ్యి వెళ్లి పాలగిన్నెలో పడింది.

"మూతుంటే పడేదా?" అంది మా ఆవిడ. దానికీ నేనే బాధ్యుణ్ణట!

ఫ్యాను కట్టేసి, ఐసుముక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి మూత మీద పెట్టాను. సంచికి చిల్లుంది. ఆ చిల్లు మాత్రం నేను పెట్టింది కాదు. నీళ్లు చుక్కచుక్కగా ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి దిగాయి. ఢప్‌మని శబ్దం! ఇల్లంతా కరెంటు పోయింది. రేడియో మూగబోయింది.

"ఇది లెక్కలోకి రాదు!" అని అరిచాను. "కరెంటు పోతే రేడియో ఏం చేస్తుంది? అన్యాయం!"

మా ఆవిడ తడిబోర్డు పీకించి, మెయిన్ స్విచ్ వేసి, ఎదురుగా వచ్చి నిలబడింది.

"దీనికెంత కావాలన్నారు?"

"అయిదు."

సొరుగులోంచి పాత ఫోన్ చార్జర్ తీసింది. "దీని మీదెంతుంది?"

"అయిదు."

"మరి పన్నెండు తెచ్చి ఏడు తగలెయ్యడం దేనికండీ? చొక్కాకి సరిపడా గుడ్డ తెచ్చుకుంటాం గానీ, తానంతా తెచ్చి మిగిలింది కాల్చేస్తామా?"

నాకు ఒళ్లు మండింది. ఎలక్ట్రానిక్స్ అంటే కుట్టుపనా? అయినా గతిలేక రెగ్యులేటర్ ఊడదీసి, చార్జర్ తీగలు అతికించి, గోడ ప్లగ్గులో పెట్టాను. రేడియో పాడింది. గంట దాటినా పాడుతూనే ఉంది. వేలుబాబు మళ్లీ వేలు పెట్టి, "చల్లగా ఉందక్కా" అన్నాడు.

"చూశారా! టేబుల్ నాదే!" అని గంతేశాను.

"మీదెలా అవుతుంది? ఇందాక ఆగినప్పుడే టేబుల్ పోయింది" అంది మా ఆవిడ, మిషన్ ఒకవైపు పట్టుకోమని తమ్ముడికి సైగ చేస్తూ.

"మరి ఇంతసేపూ నాచేత ఇదంతా ఎందుకు చేయించావు?"

"కుట్టుకుంటూ వినడానికి."

ఇప్పుడామె టేబుల్ దగ్గర కూర్చుని, నా రేడియో వింటూ మిషన్ తిప్పుతోంది. నేను వంటింటి నేల మీద నా తీగలు పరుచుకుని కూర్చుంటున్నాను. నడుం పట్టేస్తోందని చెబితే, అలవాటైపోతుందిలెండి అంటోంది!