ఏసుదాసు లేపిన గాలి

క్రిస్మస్ నాలుగు రోజులుందనగా, అల్లవరంలో ఏసుదాసు పొద్దున్నే అరుగు మీద నిలబడి తన ఉపన్యాసం ఓసారి పైకి చదువుకుందామనుకున్నాడు. అతను వాల్తేరులో వాతావరణం మీద పరిశోధన చేస్తున్నాడు. వేడి సముద్రాల మీద లేచే మేఘాలు, ఉత్తరాన ఆకాశంలో పరుగెత్తే జెట్ గాలిని ఎలా కదిలిస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టడం అతని పని.

"సముద్రం మీద మేఘాలు కుప్పలుగా లేచాయి! పైకెళ్లిన గాలి ఉత్తరానికి మళ్లింది! పెనుగాలి జోరందుకుంది!" అన్నాడు చెయ్యి ఊపుతూ.

చేపలమ్మడానికొచ్చిన వీరాయమ్మ గంప నెత్తికెత్తుకుని వెనక్కి తిరిగింది. తుపాను దెబ్బ తిన్న ఊరది. ఆమె మాట వీధి చివరికి చేరేసరికి పెనుగాలి బయల్దేరింది, కాలువ దాటేసరికి ఉప్పెనయింది. జాలరి వీరన్న తన ఇంటికప్పు మీద వల కప్పి కట్టేశాడు. జనం మేకలతో, మూటలతో బడికి చేరారు. ఎవరో హెడ్మాస్టరు కుర్చీకి గేదెను కట్టారు. ఏసుదాసు పిన్ని జ్ఞానమ్మ బడి ఆవరణలోనే పెద్ద గుండిగలో అందరికీ అన్నం వండటం మొదలెట్టింది.

ఏసుదాసు పరుగెత్తుకొచ్చాడు. "తుపానూ లేదు, ఏం లేదండీ! అది కంప్యూటర్లో గాలి!"

"ఆయ్, కంప్యూటరే చెప్పిందంటండీ!" అన్నాడు వీరన్న. అందరూ మూటలు ఇంకాస్త బిగించారు.

ఏసుదాసు గుండిగ చూపించాడు. "ఈ ఆవిరి చూడండి. పైకి లేచి, మూతకి తగిలి, పక్కలకి పోతంది కదా? మేఘమూ అంతేనండి. పైన మళ్లిన గాలి ఉత్తరానికెళ్లి, పడమట్నించి తూర్పుకి పరుగెడతది. చాలా ఎత్తునండి. మన కొబ్బరాకు కూడా కదలదు."

జనం తెరిపిన పడ్డారు. "మరి ఎవరికి తగుల్తదండీ?" అంది వీరాయమ్మ.

"విమానాలకండి."

జ్ఞానమ్మ చేతిలో గరిటె జారిపోయింది. ఆమె కొడుకు జోజి మస్కట్ నుంచి విమానంలో బయల్దేరాడు. ఏ రోజు ఎక్కాడో ఆమెకి తెలీదు గానీ, ఇవాళో రేపో ఊరు చేరాలి.

"నా కొడుకో!" అని ఆమె చర్చికి పరుగెత్తింది. వెనకాలే ఊరంతా. "వెనకనించి తోస్తది పిన్నీ, మంచిదే!" అని ఏసుదాసు అరిచిన అరుపు గేదె ఒక్కటే విన్నది.

ప్రార్థన మాంచి ఊపులో ఉండగా, నెత్తిన పెట్టెతో జోజి గుమ్మంలోకి వచ్చాడు. "ఇంటికి తాళం, ఊళ్లో మనిషి లేడు. ఏవైందమ్మా?"

జ్ఞానమ్మ అతని ఒళ్లంతా తడిమింది. "గాలేం చేసిందిరా నిన్ను?"

"వెనకనించి తోసిందంటమ్మా. మొన్న బొంబాయిలో ముందే దిగిపోయేం. ముందు రైలే దొరికింది."

ప్రార్థన ఎంత బలమైందో ఊరంతా చెప్పుకుంటూ బళ్లో భోజనానికి కూర్చుంది. వీరాయమ్మ గంపలోని చేపలన్నీ పులుసయ్యాయి. విమానం మొన్న దిగిందనీ, ప్రార్థన ఇవాళ జరిగిందనీ గుర్తుచెయ్యబోయి, ఏసుదాసు చేపముక్క నోట్లో పెట్టుకున్నాడు.